‘అక్యూజ్’ ఎక్కడ నింద, ఎక్కడ అభియోగం? డెల్టా వార్తల్లో ఒక ఇంగ్లిషు మాట

సంక్షిప్తంగా: ఇంగ్లిషులో ‘అక్యూజ్’ అంటే ఫలానా తప్పు ఫలానా మనిషి చేశాడని చెప్పడం. అలా చెప్పినంత మాత్రాన అది రుజువు కాదు. ఈ ఒక్క మాటకు తెలుగులో సందర్భాన్ని బట్టి నింద, ఆరోపణ, అభియోగం, నేరం మోపడం వంటి మాటలు వాడుతున్నాం. ఇవి ఒకదాని చోట మరొకటి పడినప్పుడు వ్యవహారం ఏ దశలో ఉందో పాఠకుడికి తెలియదు. గోదావరి డెల్టాలో సాగునీటి తగాదా ఆధారంగా ఆ తేడాలను పరిశీలించే ప్రయత్నమిది.

దాళ్వా (రబీ వరి) పైరు ఈనిక దశకు వచ్చి, సీలేరు నుంచి వదిలే నీటి మీద కాలువలు నడిచే రోజుల్లో గోదావరి జిల్లాల స్థానిక వార్తల్లో మూడు రకాల వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. శివారు భూములకు నీరందకపోవడానికి పర్యవేక్షణ లోపమే కారణమని రైతులు ఆరోపించారన్నది ఒకటి. తూము షట్టరు పగలగొట్టారన్న అభియోగంపై ఇద్దరిని అదుపులోకి తీసుకున్నారన్నది రెండోది. పరారీలో ఉన్న ముద్దాయి కోసం గాలిస్తున్నారన్నది మూడోది. వీటిని ఇంగ్లిషులో రాస్తే మూడు చోట్లా ‘అక్యూజ్’ అనే క్రియకో, దాని నుంచి పుట్టిన ‘అక్యూజ్డ్’ అనే నామవాచకానికో చోటుంటుంది. అయితే మొదటి వాక్యంలో ఎవరి పేరూ లేదు, పోలీసు కేసూ లేదు. రెండో వాక్యంలో దర్యాప్తు మొదలైంది. మూడో వాక్యం చదివినవారిలో చాలామంది ఆ మనిషి నేరం చేసే ఉంటాడనుకుంటారు, నిజానికి కోర్టు అప్పటికింకా ఆ కాగితాలు చూసి ఉండకపోవచ్చు.

బ్లేమ్ నదినైనా చేయవచ్చు

తప్పు పట్టడానికి ఇంగ్లిషులో వాడే మాటల్లో ‘బ్లేమ్’, ‘అక్యూజ్’ పక్కపక్కనే ఉంటాయి గానీ వాటి పని ఒకటి కాదు. ‘బ్లేమ్’ కారణాన్ని చూపుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు మునిగిపోవడానికి వరదను బ్లేమ్ చేయవచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలినప్పుడు గాలిని బ్లేమ్ చేయవచ్చు. వరదను గానీ గాలిని గానీ అక్యూజ్ చేయడం మాత్రం కుదరదు. అక్యూజ్ చేయాలంటే అవతల ఒక మనిషి గానీ మనుషులు నడిపే సంస్థ గానీ ఉండాలి, ఆ పని చేయకుండా ఉండగలిగే వీలు వారికి ఉండి ఉండాలి, సమాధానం చెప్పుకునే అవకాశమూ ఉండాలి. ఈ మాటకు మూలమైన లాటిన్ క్రియ ‘అక్కూసారే’లో ఉన్నది ‘కౌసా’ అనే పదం. కారణం, విచారణకు వచ్చిన వ్యవహారం అనే రెండర్థాలూ దానికి ఉన్నాయి. ఒకరిని సంజాయిషీకి పిలవడమన్న భావం ఆ మాటలో పుట్టుకతోనే ఉంది.

2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఈ రెండు మాటల మధ్య దూరం స్పష్టంగా కనబడింది. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోవడం అప్పట్లో రైతులు చెప్పిన కారణాలు. ఇవి బ్లేమ్ పరిధిలోకి వస్తాయి, పరిస్థితిని తప్పు పడతాయి. ఫలానా డ్రెయిన్‌లో పూడిక తీయకుండానే తీసినట్టు బిల్లు చేసుకున్నారని ఎవరైనా అంటే అప్పుడది అక్యూజ్ అవుతుంది. అందులో చేసిన పని ఉంది, చేసినవారు ఉన్నారు, రికార్డులు తిరగేసి నిజమో కాదో తేల్చే వీలుంది. తెలుగు వార్త ఈ రెండింటికీ ‘ఆరోపించారు’ అనే రాస్తుంది. మొదటిదానికి ‘తప్పుబట్టారు’, ‘కారణమన్నారు’ అంటే సరిపోతుంది.

వాక్య నిర్మాణంలోనూ తేడా ఉంది. తెలుగులో నింద ఎప్పుడూ మనిషి మీద పడే బరువే. నింద వేస్తాం, నేరం మోపుతాం, తప్పు అంటగడతాం, అభాండం వేస్తాం, నెపం నెట్టేస్తాం. వీటిలో చాలావాటికి ‘మీద’ కావాలి. ఇంగ్లిషులో ‘అక్యూజ్’ నేరుగా మనిషినే కర్మగా తీసుకుంటుంది, తప్పు ‘ఆఫ్’ తర్వాత వస్తుంది. ‘బ్లేమ్’ అయితే ‘ఫర్’, ‘చార్జ్’ అయితే ‘విత్’. తెలుగు ‘మీద’ను వెంట తీసుకుపోయి ‘అక్యూజ్డ్ ఆన్ హిమ్’ అని రాయడం, ‘అక్యూజ్డ్ ఫర్ థెఫ్ట్’ అనడం ఇక్కడి విద్యార్థుల రాతల్లో వచ్చే సాధారణ పొరపాట్లు. ‘హీ వజ్ అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్’ అన్నది సరైన నిర్మాణం.

ఒక తూము, ఒక షట్టరు

కోర్టు భాషలో ఈ మాట ఎలా మారుతుందో తెలియాలంటే ఒక ఊహా సందర్భాన్ని దగ్గరగా చూడాలి. ధవళేశ్వరంలో కాలువల్లోకి మళ్లిన నీరు సముద్రం వైపు పోయేకొద్దీ చిన్న కాలువలుగా, పంట బోదెలుగా చీలుతుంది. సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు పొలాలకు అది చిట్టచివర చేరుతుంది. నీరు తగ్గి వంతులవారీ విధానం పెట్టినప్పుడు పై రైతు వంతు పూర్తయి తూము మూసేస్తే తప్ప కింది రైతుకు నీరు దిగదు. ఒక రాత్రి ఎవరో తూము షట్టరు తాళం పగలగొట్టి పైకెత్తారు. తెల్లారేసరికి కింది చేలు బీటలు తీసి ఉన్నాయి, పై చేలల్లో నీరు గట్ల దాకా నిలిచింది.

‘పైవాళ్లు నీళ్లు మళ్లించేసుకున్నారు’ అన్న మాట చేల గట్ల మీద మొదట వినిపిస్తుంది. ఇది బ్లేమ్. ‘ఫలానా రైతే షట్టరు ఎత్తాడు’ అని ఒకరు పేరు పెట్టి అన్న క్షణం నుంచి అది అక్యూజ్, తెలుగులో ఆరోపణ. ఆ మాటకు అప్పటికి చట్టం దృష్టిలో ఒక మనిషి చెప్పిన మాటకున్న విలువే ఉంది.

నీరందని కింది రైతు ఠాణాకు వెళ్లి ఫిర్యాదు చేస్తే ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహితలో ఇది 173వ సెక్షన్. అంతకుముందు నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 154. సాగునీటి నిర్మాణాలకు నష్టం కలిగించడం, నీటిని అక్రమంగా మళ్లించడం పాత శిక్షాస్మృతిలో 430వ సెక్షన్ కింద నేరం, భారతీయ న్యాయ సంహితలో అది 326వ సెక్షన్‌లోకి వచ్చింది. ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఎఫ్ఐఆర్ అంటే నేరం జరిగిందన్న సమాచారం పోలీసులకు అందిందనే తప్ప నేరం రుజువైందని కాదు. షట్టరు ఎత్తింది ఎవరో తెలియకపోతే ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అనే రాసుకుంటారు, అప్పుడు ఎఫ్ఐఆర్ ఉంటుంది గానీ అందులో నిందితుడి పేరంటూ ఉండదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరం కనుక చాలా సందర్భాల్లో పోలీసులు అరెస్టు చేయకుండా హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. వార్తల్లో ఏళ్ల తరబడి ‘41ఏ నోటీసు’గా వినిపించింది ఇదే, కొత్త చట్టంలో అది 35(3). నోటీసు అందుకున్నవారిని ‘నేరగాళ్లు’ అనడానికి ఇక్కడ ఏ ఆధారమూ లేదు.

దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టులో దాఖలు చేసేది చార్జిషీటు. తెలుగు పత్రికలు దీన్ని అభియోగపత్రం అంటాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పేరులో ‘చార్జ్’ ఉన్నా ఇది పోలీసుల నివేదిక మాత్రమే. మేజిస్ట్రేటు ఆ కాగితాలు పరిశీలించి, ఇరుపక్షాల వాదన విని, విచారణ జరపడానికి తగిన ఆధారం ఉందనుకుంటే ‘నీ మీద ఉన్న నేరం ఇది, ఒప్పుకుంటావా?’ అని అడిగే ఘట్టం అసలైన చార్జ్. దానికి తెలుగులో సరైన మాట అభియోగాల ఖరారు. ఆధారం లేదనుకుంటే కోర్టు ఆ మనిషిని అక్కడికక్కడే కేసు నుంచి తప్పించవచ్చు, దాన్ని డిశ్చార్జ్ అంటారు. పోలీసులు పత్రం దాఖలు చేసినా, కోర్టు అభియోగాలు ఖరారు చేసినా మన వార్త ‘అభియోగాలు మోపారు’ అనే రాస్తుంది. రెండింటి మధ్య నెలలే కాదు, కొన్నిసార్లు ఏళ్లు గడుస్తాయి. బ్రిటన్, అమెరికా వార్తల్లో ‘చార్జ్డ్’ అంటే పోలీసులో ప్రాసిక్యూటరో లాంఛనంగా నేరం మోపారని అర్థం. విదేశీ వార్తను తెలుగు చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోకపోతే అక్కడ లేని కోర్టు ఉత్తర్వు ఇక్కడి వాక్యంలోకి వచ్చేస్తుంది.

అభియోగాలు ఖరారయ్యాక కూడా షట్టరు ఎత్తింది తాను కాదని నిరూపించుకోవలసిన బాధ్యత సాధారణంగా ఆ రైతు మీద ఉండదు. ఎత్తింది అతనేనని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సింది ప్రాసిక్యూషన్. రాజ్యాంగంలోని 20(3) అధికరణ నేరారోపణ ఉన్న మనిషిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదంటుంది. ఆ రక్షణ ‘అక్యూజ్డ్’కే, అంటే ఆ మాట ఒక ముద్రగా కాక ఒక హక్కుకు ఆధారంగా రాజ్యాంగంలో ఉంది. సాక్ష్యాలు పూర్తయ్యాక జడ్జి అతన్ని ప్రశ్నించినప్పుడు ప్రమాణం చేయించరు. ఇదంతా దాటి తీర్పు వచ్చాకే అతను దోషి, లేదా నిర్దోషి.

కింది రైతు ఠాణాకు పోకుండా, తన బోదెకు అడ్డు పడకూడదని సివిల్ కోర్టులో దావా వేస్తే అసలు ముద్దాయి అన్న మాటకే చోటు లేదు. అక్కడ వాది, ప్రతివాది ఉంటారు. డెల్టాలో గట్టు తగాదాలు, దారి తగాదాలు ఎక్కువగా ఈ దారినే వెళ్తాయి. ఊళ్లో మాత్రం రెండింటికీ ‘కేసు పెట్టాడు’ అనే అంటారు.

ముద్దాయి, ఏ1, నిందితుడు

‘ముద్దాయి’ మన కచేరీ భాషలోకి అరబీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఉర్దూ, హిందీల్లో ‘ముద్దయీ’ అంటే దావా తెచ్చిన మనిషి, ఫిర్యాది. తెలుగులో అది పూర్తిగా తలకిందులై, ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఆ మనిషికి పేరైంది. ఇప్పుడు ఆ అర్థమే స్థిరపడింది, దాన్ని తప్పనడానికి లేదు. పాత దస్తావేజులు గానీ ఉత్తరాది తీర్పులు గానీ చదివేవారికి మాత్రం ఇది గుర్తుండాలి.

‘నిందితుడు’ అంటే నింద పడినవాడు. తెలుగువారికి నింద అనగానే నీలాపనింద గుర్తుకు రావడం సహజం. వినాయక చవితి కథలో ప్రసేనుడు కనబడకుండా పోయినప్పుడు, అంతకుముందు మణిని అడిగినవాడు కృష్ణుడే కనుక అతనే చంపి ఉంటాడని సత్రాజిత్తు అనుకోవడం, కృష్ణుడు అడుగుజాడలు పట్టుకుపోయి సింహం కళేబరాన్ని, జాంబవంతుడి గుహను చూపించడం అక్షింతలు చేతబట్టుకుని విన్న ప్రతి ఇంటికీ తెలుసు. అంటే ఈ మాట వేరులోనే ‘నిజం కాకపోవచ్చు’ అన్న ఎరుక ఉంది. వాడుకలో ఆ ఎరుక అరిగిపోయి, ‘నిందితుడు’ దాదాపు ‘దోషి’ పక్కన చేరడం ఒక నష్టం.

ఇక ‘ఏ1’, ‘ఏ2’. ఇక్కడ ‘ఏ’ అంటే అక్యూజ్డ్, అంకె జాబితాలో వరుస సంఖ్య. అది నేర తీవ్రతకు కొలమానం కాదు. ఎఫ్ఐఆర్‌లో ఉన్న వరుస చార్జిషీటుకు వచ్చేసరికి మారవచ్చు, కొన్ని పేర్లు తొలగవచ్చు, కొత్తవి చేరవచ్చు. ‘ఏ1’ను ‘ప్రధాన సూత్రధారి’గా అనువదించే అలవాటుకు చట్టంలో ఆధారం లేదు.

‘విడుదల’ కూడా ఇలాంటి ఇబ్బందే పెడుతుంది. బెయిలు మీద బయటకు వచ్చినా విడుదలే, డిశ్చార్జ్ అయినా విడుదలే, నిర్దోషిగా తీర్పు వచ్చినా విడుదలే. మొదటి దానిలో కేసు అలాగే ఉంది, మూడో దానిలో విచారణ జరిగి ముగిసింది. ఎక్కడి నుంచి విడుదల, జైలు నుంచా కేసు నుంచా అన్నది వాక్యంలో ఉండి తీరాలి.

క్రియలోనే వెలువడే తీర్పు

ఇంగ్లిషులో లేని ఒక సమస్య తెలుగుకు ఉంది, దీని గురించి చర్చ తక్కువ. ‘షట్టరు పగలగొట్టిన నిందితుడిని పోలీసులు పట్టుకున్నారు’ అన్న వాక్యంలో ‘పగలగొట్టిన’ అనే విశేషణం పని జరిగిందనీ చేసింది అతనేననీ చెప్పేసింది. ఆ తర్వాత ‘నిందితుడు’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంగ్లిషు ‘అక్యూజ్డ్ ఆఫ్ బ్రేకింగ్’లో ఉన్న ఎడం ఇక్కడ మాయమైంది. ‘పగలగొట్టినట్టు ఆరోపణ ఉన్న వ్యక్తి’ అని రాస్తే ఆ ఎడం తిరిగి వస్తుంది. వాక్యం ఒక మాట పొడవవుతుంది, శీర్షికలో చోటు చాలదు, పొట్టి రూపమే నెగ్గుతుంది. ఇది రాసేవారి దురుద్దేశం వల్ల వచ్చింది కాదు, క్రియ నుంచి పుట్టే తెలుగు ధాతుజ విశేషణానికి ఉన్న బిగువు వల్ల వచ్చింది.

రోజువారీ మాటల్లో మాత్రం తెలుగుకు చక్కని సాధనం ఉంది, అది ‘-ట’. ‘షట్టరు ఎత్తాడు’ అంటే చెప్పే మనిషి పూచీ పడుతున్నట్టు. ‘ఎత్తాడట’ అంటే విన్న మాట చెబుతున్నట్టు. ఇంగ్లిషులో ‘అలెజెడ్లీ’ చేసే పనిని ఒక్క అక్షరం చేస్తుంది. రాత భాష దీన్ని కబుర్ల మాటగా తీసేసి, దాని స్థానంలో ‘అని సమాచారం’, ‘అని తెలిసింది’ పెట్టుకుంది. ఇవి సమాచారం ఎవరిదో చెప్పవు. పోలీసులు చెప్పారా, ఫిర్యాది చెప్పాడా, ఊరు అనుకుంటోందా అన్నది తెలియదు. ‘అని పోలీసులు తెలిపారు’, ‘అని ఫిర్యాదులో ఉంది’ అని రాయడానికి అదనంగా పట్టే చోటు చాలా తక్కువ.

గౌరవ ప్రత్యయం సంగతి ఇంకా లోతైనది. ఎదుటి మనిషికి ‘అండి’, ‘గారు’ చేర్చకుండా వాక్యం ముగించడం మర్యాద కాదనుకునే ప్రాంతం ఇది. ఇక్కడి పాఠకుడికి ‘వచ్చారు’, ‘వచ్చాడు’ మధ్య తేడా చెవికి వెంటనే తగులుతుంది. కేసుల వార్తల్లో హోదా ఉన్న మనిషి ‘విచారణకు హాజరయ్యారు’, ‘అరెస్టయ్యారు’. కూలి మనిషి ‘పట్టుబడ్డాడు’, ‘కటకటాల పాలయ్యాడు’. చట్టం ముందు ఇద్దరూ ఒకే దశలో ఉన్న నిందితులే. ఒకరి క్రియ ఇంకా మర్యాదలో ఉంది, రెండోవారి క్రియ అప్పటికే శిక్ష వేసింది. ఇంగ్లిషు ‘ది అక్యూజ్డ్’ ఆడో మగో, ఒకరో పదిమందో, చిన్నో పెద్దో ఏదీ చెప్పకుండా నడిచిపోతుంది, తెలుగులో ప్రతిసారీ తేల్చుకోవాలి. తీర్పు వచ్చేవరకు అందరికీ బహువచన క్రియే వాడడం సాధ్యమైన పరిష్కారం. ‘నిందితులు హాజరయ్యారు’ అన్నది ఏ హోదాకైనా సరిపోతుంది.

విమర్శ, ఆరోపణ, అబద్ధం

రాజకీయ వార్తల్లో ‘ఆరోపించారు’తో పాటు ‘దుయ్యబట్టారు’, ‘ధ్వజమెత్తారు’, ‘మండిపడ్డారు’ వస్తాయి. ఇవి ఎంత కోపంగా అన్నారో చెబుతాయి గానీ ఏమన్నారో చెప్పవు. కాలువల ఆధునికీకరణ నత్తనడకన సాగుతోందనడం విమర్శ, అది అభిప్రాయం. ఆ పనుల్లో ఫలానా వారు డబ్బు తిన్నారనడం ఆరోపణ, అది నిజమో అబద్ధమో తేలవలసిన విషయం. రెండో దానికి మాత్రమే ‘అక్యూజ్’ తగుతుంది, రెండో దానికే చట్టపరమైన పర్యవసానాలూ ఉంటాయి.

ఒకరి పరువు తీసే ఆరోపణ ప్రచారం చేయడం న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం కావచ్చు. ఆ సెక్షన్‌లోనే మినహాయింపులు ఉన్నాయి. విచారించే అధికారం ఉన్నవారి ముందు సదుద్దేశంతో చేసిన ఆరోపణ పరువు నష్టం కింద రాదన్నది వాటిలో ఒకటి. షట్టరు సంగతి ఇరిగేషన్ అధికారికి రాసిచ్చిన రైతుకూ, అదే మాట వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిప్పిన రైతుకూ మధ్య చట్టం చూసే తేడా ఇదే. హాని చేయాలని, అబద్ధమని తెలిసీ కేసు బనాయిస్తే 248వ సెక్షన్ వర్తిస్తుంది. అయితే కేసు వీగిపోయిన ప్రతిసారీ ఫిర్యాది అబద్ధమాడినట్టు కాదు. సాక్ష్యం చాలకపోవడం వేరు, కల్పించడం వేరు.

దశను బట్టి పర్యవసానం

ఈ తేడాలు పదాల దగ్గరే ఆగవు. ఎన్నికల చట్టం ప్రకారం కేసు పెండింగులో ఉన్నంత మాత్రాన ఎమ్మెల్యేగానో ఎంపీగానో పోటీ చేయడానికి అనర్హత రాదు. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది, 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అప్పీలుకు మూడు నెలలు ఆగే వెసులుబాటు కూడా పోయింది. పెండింగులో ఉన్న క్రిమినల్ కేసుల వివరాలు, వాటిలో అభియోగాలు ఖరారయ్యాయా లేదా అన్నది నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో చెప్పాలి. 

డెల్టాకు మరింత దగ్గరి విషయం పాస్‌పోర్టు. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, ఖతార్ వెళ్లేవారు ఎక్కువ. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) ప్రకారం దరఖాస్తుదారు చేసినట్టు ఆరోపణ ఉన్న నేరంపై భారతదేశంలోని క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కీలకమైన మాట ‘కోర్టులో పెండింగ్’. ఠాణాలో ఎఫ్ఐఆర్ నమోదై, కోర్టు ఇంకా ఆ కేసును విచారణకు స్వీకరించని దశ ఈ నిబంధన కిందకు రాదు. కోర్టు స్వీకరించాక కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి ఉత్తర్వు తెచ్చుకుంటే నిర్ణీత కాలానికి పాస్‌పోర్టు ఇవ్వవచ్చు. ఊళ్లో తగాదాలో పేరు పడ్డ కుర్రాడికి ‘నీ మీద కేసుంది, నీకింక పాస్‌పోర్టు రాదు’ అని చెప్పేవారు చాలామందే ఉంటారు. అతను ముందు తెలుసుకోవలసింది ఎఫ్ఐఆర్ నంబరు, చార్జిషీటు దాఖలైందా లేదా, దాఖలైతే ఏ కోర్టులో ఏ నంబరుతో విచారణకు స్వీకరించారు అన్నవి. ఎఫ్ఐఆర్ నకలు ఠాణా నుంచి గానీ కోర్టు నుంచి గానీ పొందవచ్చు, కోర్టు నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు ఏ దశలో ఉందో ఉచితంగా చూసుకోవచ్చు.